రెండోసారి పాడిన పద్యం

కోదండపాణి మాస్టారిని ఏదైనా అడిగితే ముందుగా వచ్చేది జవాబు కాదు, శ్రుతి. కాళ్లతో తొక్కే పాత హార్మోనియం పెట్టె మీద ఒక స్వరం నొక్కిపట్టి, అడిగినవాడి మొహంలోకి చూస్తూ కూర్చునేవారు. ఆ స్వరం వినీ వినీ తామేం అడిగామో తామే మరిచిపోయి లేచిపోయినవాళ్లు చాలామంది. "మాస్టారు మాట దాటేశారు" అని బయట చెప్పుకునేవారు. ఏళ్ల తరబడి ఆయన దగ్గర పద్యం నేర్చుకున్నవాళ్లు మాత్రం తొందరపడేవారు కాదు. జవాబు ఈ వారం కాకపోతే వచ్చే వారం, ఏ రిహార్సల్లోనో, ఏ టీకొట్టు బల్ల దగ్గరో, తనంతట తానే ఎదురొస్తుందని వాళ్లకు అనుభవం. నోటితో వాదించి ఒప్పించే ఓపిక ఆయనకు లేదు. ఉన్న ఓపికంతా ఆ పెట్టె తొక్కడానికే సరిపోయేది.

వీరరాఘవులు ఒక ప్రశ్న పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లింది ఎండలు ముదిరిన ఒక ఉదయాన. తెనాలికి దగ్గర్లోని ఆ ఊళ్లో వీరరాఘవులంటే ఇప్పటి పిల్లలకు తెలియదు, వాళ్ల తాతలనడగాలి. పద్యనాటకం వస్తోందంటే పెందలాడే వంటలు ముగించి, చాపలు చంకన పెట్టుకుని ఊళ్లకు ఊళ్లు కదిలిన రోజులవి. సైకిలు వెనక తల్లిని, ముందు కడ్డీ మీద కొడుకుని ఎక్కించుకుని మరీ వచ్చేవారు. రాజు వేషంలో రాఘవులు తెరచాటు నుంచి రాగం ఎత్తుకుంటే చాలు, అప్పటిదాకా స్థలం కోసం పోట్లాడుకున్న జనం సర్దుకుని కూర్చునేవారు. పద్యం ముగిసీ ముగియకముందే నాలుగు వైపుల నుంచీ "వన్స్ మోర్" అని కేకలు. ఇంగ్లీషు ముక్క రాని ముసలివాళ్లకు కూడా ఆ మాట వచ్చు. అది వినపడ్డాక ఎంతటి మహారాజైనా యుద్ధం ఆపుకుని అదే పద్యం మళ్లీ పాడాల్సిందే. ఎదురుగా కత్తి దూసిన శత్రువు అంతసేపూ ఆ కత్తి అలాగే ఎత్తిపట్టుకుని నిలబడేవాడు, పాపం. ఆ రోజులే వేరు.

తాగుడు కూడా ఆ చప్పట్ల వెనకాలే వచ్చింది. నాటకం అయ్యాక గొంతు తడుపుకోమని ఊరి పెద్దలు మర్యాదగా ఇచ్చిన గ్లాసు, కొన్నాళ్లకు నాటకానికి ముందుకు జరిగింది. ఇంకొన్నాళ్లకు నాటకాన్నే పక్కకు జరిపేసింది. మధ్యలో ఒకసారి మానేశాడు. మానేసి కొన్ని నెలలు నిలబడ్డాడు కూడా. కళాభిమానులు ఊరుకుంటారా? వేదిక కట్టి, గజమాల వేసి, శాలువా కప్పి, "మద్యాన్ని జయించిన మహానటుడు" అని మైకులో ఊరంతా వినపడేట్టు పొగిడారు. జయించానని రాఘవులు కూడా నమ్మాడు. జయించినవాణ్ణి ఒక్క గ్లాసు ఏం చేస్తుందిలే అనుకున్నాడు. ఆ వారంలోనే నిండు సభలో రాజు వేషంతో సింహాసనం మీద కూర్చుని, పద్యం మరిచిపోయి, కిరీటంతో సహా పక్కకు ఒరిగి నిద్రపోయాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న అతని భార్య సుభద్ర ఆ నవ్వుల మధ్యలోనే లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె నాటకం జోలికి రాలేదు. ఆ నాటక బృందాన్ని నడిపే మాస్టారు కూడా "ఇక మన బృందంలోకి రావద్దు" అని చెప్పేశారు.

ఆపైన గడిచిన ఏళ్ల గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఏ కాలవగట్టు మీదో పడి ఉంటే ఎవరో ఒకరు ఇంటికి చేర్చేవారు. ఎక్కువసార్లు చేర్చింది ఆటో నడిపే బాజీ. కిందటేడు వేసవిలో ఎలాగో పెద్దాసుపత్రి వార్డులో ఉండి, మందులు మింగి, రాఘవులు మళ్లీ మానేసి ఇంటికొచ్చాడు. వచ్చిన రోజు సుభద్ర ఆవకాయ పెడుతోంది. చేతులు ఇంకా వణుకుతున్న మనిషిని ఊరికే కూర్చోనిస్తే మనసు ఎటు పోతుందోనని, మామిడిముక్కల లోపలి పొర తీసి గుడ్డతో తుడవమని పళ్లెం ముందు పెట్టింది. సాయంత్రం దాకా అదే పని చేశాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు, కొన్నింటికి పొర అలాగే వదిలేశాడు. ఆ ఏడాదంతా అన్నంలో పొర పంటికి తగిలినప్పుడల్లా సుభద్ర ఏమీ అనకుండా తీసి కంచం అంచున పెట్టేది. రాఘవులు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అతను చుక్క ముట్టకుండా గడిచిన ఏడాది అది.

ఇప్పుడు మళ్లీ ఆవకాయ రోజులొచ్చాయి. జాడీ కడిగి ఎండలో బోర్లించి వచ్చిన సుభద్ర, చేతులు తుడుచుకుంటూ మెల్లగా కదిపింది.

"ఏవండీ, వచ్చే వారంలో ఒక పూట నలుగురికీ భోజనం పెడదామా?"

"ఏం విశేషం?"

"ఏడాదయింది గదండీ."

ఏడాది దేనికో ఆమె చెప్పలేదు, అతనూ అడగలేదు. "ఎవరిని పిలుస్తావు?" అన్నాడు.

"బాజీని. సోడాకొట్టు తాతయ్యని. వెనక వీధి లలితమ్మ గారినీ, వాళ్ల అబ్బాయినీ. మిమ్మల్ని ఎప్పుడెప్పుడు ఎవరెవరు ఇంటికి చేర్చారో వాళ్లందర్నీ."

రాఘవులు మొహం మాడిపోయింది. "ఏమని పిలుస్తావే? మా ఆయన ఏడాదిగా మీకు మోత పని పెట్టలేదు, వచ్చి తిని పోండి అంటావా?"

"అట్లాగే అంటాను. అందులో తప్పేముంది?"

"నీకు తప్పు లేదు. వాళ్ల ఎదురుగా విస్తరి ముందు కూర్చోవాల్సింది నేను!" అని ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాడు. తాగని నోటితో అంత గట్టిగా అరవడం ఏడాదిలో అదే మొదలు. సుభద్ర లోపలికి వెళ్లి చాటలో ఆవాలు పోసి చెరుగుతూ కూర్చుంది. ఆ చాట చప్పుడు వింటూ ఆ ఇంట్లో నిలబడడం రాఘవులు వల్ల కాలేదు. చొక్కా తగిలించుకుని మాస్టారి ఇంటికి బయల్దేరాడు. దారిలో పాత కల్లుపాక మలుపు వచ్చినప్పుడు కాళ్లు కాస్త నెమ్మదించాయి. అది గమనించి తనకు తానే భయపడి, దాదాపు పరుగు లాంటి నడకతో మాస్టారి గుమ్మం ఎక్కాడు.

బృందంలోకి రావద్దన్నాక అతను ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. మాస్టారు ఏమీ ఆశ్చర్యపోకుండా, నిన్న వెళ్లినవాడు ఈ రోజు వచ్చినట్టు, "కూర్చో" అన్నారు. రాఘవులు కూర్చోకుండానే కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

"మాస్టారూ, లోకంలో ఇంతమంది తాగకుండా బతుకుతున్నారు. వాళ్లకెవరూ దండలు వేయడంలేదు. అందరూ చేసే పని నేను ఆలస్యంగా చేస్తున్నందుకు పండగ చేసుకోవాలా? అదీగాక, ఒకసారి పండగ చేస్తే ఏమయిందో మీరే చూశారు. ఆ దండ మెడలో పడకపోతే నిలబడేవాణ్ణేమో. మళ్లీ చేస్తే మళ్లీ పడతానని భయంగా ఉంది. వద్దంటే మా ఆవిడ మొహం చూడలేకపోతున్నాను. ఈ రోజు ఇటు వస్తుంటే ఆ పాక దగ్గర కాళ్లు ఆగబోయాయి. పండగ చేసుకోవడం మంచిదా, చెడ్డదా? ఒక్క మాట చెప్పండి, అట్లాగే చేస్తాను."

మాస్టారు స్వరం నొక్కిపట్టారు. పాత పెట్టె గురగురలాడుతూ పలికింది. రాఘవులు ఓపిగ్గా నిలబడ్డాడు. చాలాసేపటికి మాస్టారు కాళ్లు ఆపి, "ఆదివారం మధ్యాహ్నం మన నాటకం ఉంది. సారథి వేసేవాడికి టైఫాయిడ్. ఒకే ఒక్క పద్యం. వేస్తావా?" అన్నారు.

రాఘవులుకు రాజుగా దిగిపోయిన చోట సారథిగా ఎక్కడం నామోషీ అనిపించలేదు. ఎక్కనిస్తారని కల్లో కూడా అనుకోలేదు. "నేను అడిగింది..." అని నసిగాడు.

"విన్నాను. వచ్చేటప్పుడు మీ ఆవిణ్ణి కూడా తీసుకురా" అని మాస్టారు మళ్లీ పెట్టె తొక్కడం మొదలుపెట్టారు.

ఇప్పటి నాటకాలు పగలే అయిపోతున్నాయి. చూసేవాళ్లంతా పెద్దవయసువాళ్లు, చీకటి పడేలోగా బస్సు అందుకోవాలి. కల్యాణమండపం మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వచ్చినవాళ్లు సగం కుర్చీల్లో సర్దుకున్నారు, మిగతా సగం ఫ్యాన్ గాలి తిన్నాయి. బాజీ తన ఆటోలో సుభద్రను తీసుకొచ్చి ఆడవాళ్ల వరసలో కూర్చోబెట్టి, తాను గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సుభద్ర వస్తుందని రాఘవులు అనుకోలేదు. ఆ రోజు అరిచాక వాళ్లిద్దరి మధ్యా అన్నం పెట్టానని, తిన్నానని తప్ప వేరే మాటల్లేవు. "మాస్టారు రమ్మన్నారు" అని మాత్రం చెప్పాడు. ఆమె చీర మార్చుకుంది.

రంగు వేసుకునే గదిలో మొహానికి పూసే అర్దళం వాసన ముక్కుకు తగలగానే రాఘవులుకు కళ్లు చెమర్చాయి. ఎన్ని ఊళ్లు, ఎన్ని పాకలు, ఎన్ని అద్దాలు! ఒక్కో అద్దం ముందు ఒక్కో కిరీటం. అతని చెయ్యి పాత అలవాటు కొద్దీ అద్దం పక్కకు వెళ్లింది. అప్పట్లో గ్లాసు ఉండేది అక్కడే. ఇప్పుడు మంచినీళ్ల సీసా ఉంది. మూత తీసి రెండు గుక్కలు తాగి, తలపాగా చుట్టుకున్నాడు.

సీను చిన్నది. రాజ్యం పోగొట్టుకున్న రాజు ఏటి ఒడ్డున రథం దిగిపోతాడు. ఖాళీ రథం తోలుకుని సారథి వెనక్కి పోవాలి. పోయేముందు, ఇన్నాళ్లూ తన వెనక కూర్చున్న మనిషి బరువు లేకపోతే గుర్రాలకు దారి ఎట్లా తెలుస్తుందని ఒక పద్యం పాడి, "ప్రభూ, సెలవిప్పించండి" అంటాడు. రాజు వేసింది బ్యాంకులో పనిచేసే భానుమూర్తి అనే కుర్రవాడు. రాఘవులు రాజు వేషాల గురించి తండ్రి నోట వింటూ పెరిగినవాడు కాబట్టి, కిరీటం పెట్టుకుని అతని ఎదుట నిలబడడానికే బెదిరిపోతున్నాడు.

రాఘవులు అట్టరథం చక్రం పక్కన నిలబడి ఎత్తుకున్నాడు. గొంతులో పాత జిగి లేదు. శ్రుతి కూడా బాగా కిందికి దించుకున్నాడు. ఎక్కడా రాగం సాగదీయలేదు, సాగదీయడానికి ఊపిరి చాల్లేదు కూడా. కానీ పద్యం తనే వచ్చింది, పాత ఇంట్లోకి చెప్పులు విడిచి వచ్చినట్టు వచ్చింది. ఒక్కో పాదం పాడుతూ నాలుగడుగులు వేసి రాజు ముందుకు చేరేసరికి పద్యం ముగిసింది. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

"వన్స్ మోర్!" అని బాజీ గుమ్మం దగ్గర నుంచి కేక పెట్టాడు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు అందుకున్నారు.

ఆ మాట చెవిన పడగానే రాఘవులుకు గజమాల గుర్తొచ్చింది, మైకు గుర్తొచ్చింది, సింహాసనం మీద నుంచి మెలకువ వచ్చేసరికి వినపడిన నవ్వులు గుర్తొచ్చాయి. వద్దు, నాకీ మర్యాద వద్దు అనుకున్నాడు. సభకు చేతులు జోడించి, తల వంచి, రాజు వైపు తిరిగి తర్వాతి మాట అందుకున్నాడు. "ప్రభూ, సెలవిప్పించండి."

భానుమూర్తి జవాబు చెప్పబోయి, హార్మోనియం వైపు చూసి నోరు మూసుకున్నాడు. ఆ మాట పడగానే మాస్టారు రాజు పద్యానికి శ్రుతి ఇవ్వాలి. ఇవ్వలేదు. సారథి పద్యం ఎత్తుగడ దగ్గరే స్వరం పట్టుకుని, కాళ్లు తొక్కుతూ, ఎటో చూస్తూ కూర్చున్నారు. రాఘవులు ఇంకాస్త గట్టిగా "ప్రభూ, సెలవిప్పించండి" అన్నాడు. స్వరం కదల్లేదు. రాజు సెలవివ్వడు, సారథి పోడు, నాటకం ముందుకు నడవదు. ఎవరో పక్కున నవ్వారు. రాఘవులుకు చెమటలు పట్టి రంగు కారడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి ఒక గొంతు వినపడింది. కేక కాదు, అలవాటు లేని మాటను కూడబలుక్కుని అన్నట్టుంది. "వన్స్ మోర్."

తలలన్నీ అటు తిరిగాయి. సుభద్ర లేచి నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం లేదు.

పెళ్లయిన కొత్తలో ఒకనాడు ఆమె నాటకం చూసి ఇంటికొచ్చి, అన్నం వడ్డిస్తూ నవ్వింది. "అందరూ అరుస్తుంటే నాకూ అరవాలనిపించిందండీ. ఆడవాళ్లు అరిస్తే ఏమనుకుంటారోనని పమిట నోట్లో కుక్కుకున్నా" అంది. అప్పుడతను ముద్ద కలుపుకుంటూ, "అంతమంది అరిచారుగా, నువ్వొకదానివి అరవకపోతే వచ్చిన లోటేముంది" అన్నాడు. ఆ ముద్ద, ఆ మాట, ఆ మాటకు ఆమె నవ్వు ఆగిపోవడం, అన్నీ ఇన్నేళ్ల తర్వాత ఆ రంగస్థలం మీద అతనికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఎంత మాట అన్నాను అనుకున్నాడు.

"రాఘవులూ" అన్నారు మాస్టారు, హార్మోనియం మెట్ల మీది నుంచి చేతులు తియ్యకుండా, రంగస్థలం దాటి వినపడనంత మెల్లగా. "వెనక్కి వెళ్లి నిలబడు."

ఆ బృందంలో అదొక ఆనవాయితీ. వన్స్ మోర్ పడితే ఉన్నచోట నుంచి పాడనిచ్చేవారు కాదు మాస్టారు. పద్యం ఎక్కడ ఎత్తుకున్నామో అక్కడికి నడిచి వెళ్లి, మొదటి మాట నుంచి మొదలుపెట్టాలి. రాఘవులు వెనక్కి నడిచాడు. వచ్చినప్పుడు నాలుగడుగులే, పోయేటప్పుడు ఎంతకీ తరగనంత దూరం అనిపించింది. చక్రం పక్కన నిలబడి ఎత్తుకున్నాడు.

ఈసారి పద్యం తనే రాలేదు. ఇందాక తలుపు తెరిచి పెట్టినట్టున్న చోట గడియ పడి ఉంది. రెండో పాదంలో ఊపిరి చాలక విరుపు లేనిచోట ఆగాడు. ఇప్పుడే పాడాను కదా అనే ధైర్యం దేనికీ అక్కరకు రాలేదు. ఒక్కో మాటా వెతికి పట్టుకుని, ఇది దాటితే చాలు, ఇది దాటితే చాలు అనుకుంటూ పాడాడు. గుర్రాలకు దారి ఎట్లా తెలుస్తుందనే చోట గొంతు వణికింది. వణికిందని దాచుకోలేదు. పద్యం ముగించి రాజు ముందు నిలబడేసరికి భానుమూర్తి కిరీటం కింద కళ్లు తుడుచుకుంటున్నాడు. చప్పట్లు పెద్దగా ఏం పడలేదు, పాతిక ముప్పై మంది కొడితే ఎంత మోగుతాయి! "ప్రభూ, సెలవిప్పించండి" అన్నాడు రాఘవులు. శ్రుతి రాజు పద్యంలోకి మారింది. రాజు సెలవిచ్చాడు.

నాటకం అయ్యాక రాఘవులు కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటుంటే సుభద్ర గది గుమ్మం దాకా వచ్చి నిలబడింది. మాస్టారు ఓ మూల తన పెట్టె కాళ్లు మడుస్తున్నారు.

"భోజనాలకు బాజీతో చెప్పావా?" అని అడిగాడు రాఘవులు, అద్దంలోకే చూస్తూ.

"మీరు వద్దన్నారుగా. చెప్పలేదు."

"చెప్పు. సోడాకొట్టు తాతయ్యకు నేను చెప్తాను. ఆయన నన్ను మోసిన రోజు ఆయన నడుం పట్టేసింది, పాపం."

సుభద్ర తలూపింది. ఏడుస్తోందని రాఘవులుకు తెలిసింది. తన కళ్లు కూడా తుడుచుకుని, అది రంగు అన్నట్టు గుడ్డ దులిపాడు. ఆమె కిందికి వెళ్లాక మాస్టారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మాస్టారూ, రెండోసారి చాలా కష్టమైంది. మొదటిసారి పాడింది ఎందుకూ పనికిరాలేదు."

"రాదు" అన్నారు మాస్టారు.

"ఇంకోసారి కూడా అడిగి ఉంటే? అప్పుడు పాడలేకపోతే? అంతమంది ఆశపడి అడిగాక..." అన్నాడు రాఘవులు. అతను అడుగుతున్నది పద్యం గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

మాస్టారు పెట్టెకు గుడ్డ కప్పి, ఒక పక్క తాను పట్టుకుని, రెండో పక్క పట్టుకోమని అతనికి సైగ చేశారు.

"పాడడం నీ వంతు, అడగడం వాళ్ల వంతు రాఘవులూ. అది కూడా నీ నెత్తినే వేసుకుంటే ఎట్లా?"